తిరగేసిన మెట్లు

చెట్టు మీద గది కట్టించాలని ఆవిడ అన్నప్పుడు వడ్రంగి ముందు నవ్వాడు. కాసేపు నవ్వి, ఎదుట మనిషి నవ్వడం లేదని చూసుకుని, చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

“ఎవరికి చెల్లెమ్మా, పిట్టలకా?”

“వచ్చేవాళ్లకి.”

“ఇంట్లో ఇన్ని గదులు పెట్టుకుని? ఉండేది నువ్వొక్కదానివే కదా!”

“ఆ గదుల్లోకి రాని మనిషి కోసం, అన్నయ్యా.”

వడ్రంగి ఇంక నవ్వలేదు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్లు లేరు.

ఆవిడకి ఒక్కతే కూతురు. దూరపు ఊళ్లకి బస్సు నడుపుతుంది. తండ్రి ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. చొక్కా ఇస్త్రీ మడత చెదరనిచ్చేవాడు కాదు, మాటా అంతే. కూతురు బస్సు లైసెన్సు తెచ్చి చూపించిన రోజున ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, “ఆ పనిలో చేరితే మళ్లీ ఈ గడప తొక్కకు” అన్నాడు. కూతురు ఆయన పోలికే. “తొక్కను” అంది. ఇద్దరూ గొంతు కూడా పెంచలేదు. అరుచుకుని ఉంటే ఎప్పుడో చల్లారిపోయేవాళ్లు.

ఆయన పోయిన రోజున కూడా ఆ పిల్ల డ్యూటీ బట్టల్లోనే వచ్చి, వీధిలో కరెంటు స్తంభం పక్కన నిలబడింది. లోపలికి రమ్మని చుట్టాలు చెయ్యి పట్టుకుని లాగారు. “మాట అనేశాను” అంది. అనిపించుకున్న మనిషే లేడు కదే అంటే, “అందుకే. ఇప్పుడు ఆ మాట వెనక్కిచ్చేదెవరు?” అంది. 

అప్పటినుంచి తల్లీకూతుళ్లు బస్టాండులో కలుసుకుంటున్నారు. బస్సు ఆగే కాసేపట్లో సిమెంటు బెంచీ మీద కూర్చుని కూతురు డబ్బాలో అన్నం తింటుంది, తల్లి చూస్తుంది. కండక్టరు విజిల్ ఊదితే నోట్లో ముద్ద నోట్లో ఉండగానే లేచి పరుగెడుతుంది. సెలవు దొరికిన రోజున డిపోలో డ్రైవర్ల గదిలో పడుకుంటుంది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆ పిల్ల ఒక్క సెలవు రోజు తన కళ్లముందు తిని, తొందరలేకుండా ఆవలించి, పడుకుని లేవాలి. మాట తప్పమని మాత్రం అడగదు. మాట తప్పించి లోపలికి తెచ్చుకుంటే, ఆ పిల్ల ఇంట్లో కూడా విజిల్ కోసం చెవి పెట్టుకునే కూర్చుంటుంది.

అందుకని చెట్టు. పెరట్లో బాదంచెట్టు ఉంది. కొమ్మలు అంతస్తులు వేసినట్టు నాలుగు వైపులకీ చాచుకుని ఉంటాయి. వెనక సందులోంచి నేరుగా రావడానికి ప్రహరీ గోడ కొంత పడగొట్టించింది. ఇంటి గోడ తగలదు, ఇంటి నీడ కూడా సాయంత్రమైతే గానీ అటు పడదు.

“ఇంట్లోది ఒక్క మేకు కూడా వాడకూడదు అన్నయ్యా” అని ముందే చెప్పింది.

“బావగారి పాత మంచం పలకలు ఉన్నాయి కదమ్మా, ఏనుగు లాంటి చెక్క...”

“ఆ మంచం ఆయనది. దాని మీద పడుకుంటే ఆయన ఇంట్లో పడుకున్నట్టే అంటుంది.”

“పెరడు ఎవరిదిట?”

“పెరడు చెట్టుది” అని తేల్చేసింది ఆవిడ.

పైన గదికి తలుపు పెట్టేటప్పుడు వడ్రంగి అలవాటు కొద్దీ ద్వారబంధానికి కింద గడప బిగించాడు. ఆవిడ చూసి, అది కోసేసేదాకా ఊరుకోలేదు. “గడప లేని గుమ్మం ఏమిటమ్మా, పళ్లులేని నోరు లాగా! గాలి దూరుతుంది” అని అతను గొణిగాడు. “దూరనీ. గాలి ఏ మాటా ఇవ్వలేదు కదా” అంది ఆవిడ.

సామానంతా పాత ఇళ్లు పడగొట్టిన చోట్లనించి వచ్చినదే. ఊరి చివర అలాంటి సామాను అమ్మే కొట్టు ఉంది. అక్కడ తలుపులు గోడల్లేకుండా వరసగా నిలబడి ఉంటాయి. కిటికీల వెనక కిటికీలు, వాటి వెనక ఏమీ ఉండదు. కొట్టు నడిపే ఆవిడ మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. అందరూ పాతసామాన్లక్క అంటారు. ఎవరు ఏ తలుపు అడిగినా, ముందు ఆ తలుపు తెరిచి ఇవతలినించి అవతలికి నడిచి చూపిస్తుంది. “చూశావుగా, మనిషి పడుతుంది. నేను పట్టానంటే ఎవరైనా పడతారు!”

దూలాలు ఒక గోడౌనువి. కిటికీ ఏదో పాత ఆస్పత్రిది. గోడకి వేసిన పలకల్లో ఒకదాని మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని నీలి అక్షరాలు ఉన్నాయి. వానకి రంగు కారిపోకుండా వడ్రంగి అక్షరాలవైపు లోపలికి తిప్పి కొట్టాడు. “మీ అమ్మాయి గురక పెడితే చూపించు” అన్నాడు. దూలాన్ని చెట్టుకి ఒక పక్కనే బిగించి, రెండోపక్క కాస్త కదిలేట్టు వదిలాడు. గాలికి చెట్టు ఊగితే గది పగలకుండా దానితో పాటు మెల్లగా కదులుతుంది. మొదటిసారి పైకి వెళ్లి కూర్చున్నప్పుడు ఆవిడకి ఎవరో తన బరువు పట్టుకుని చూస్తున్నట్టనిపించింది.

నిచ్చెనతో పని అయినన్నాళ్లూ అన్నీ బాగానే ఉన్నాయి. మెట్లు వచ్చాకే మొదలైంది.

మెట్లు కూడా అక్క కొట్టులోవే. రెండు పక్కలా రెండు పొడుగు బద్దలు, మధ్యలో బోల్టులతో బిగించే చెక్కలు. మంచి గట్టి చెక్క, కాకపోతే ఎన్నేళ్లు ఎంతమంది ఎక్కి దిగారో, ప్రతి మెట్టూ నడిమధ్య దొప్పలా అరిగిపోయి ఉంది. వడ్రంగి ఒక చెక్క విప్పి, బోర్లించి, అరచేత్తో రాసి మురిసిపోయాడు.

“చూడు చెల్లెమ్మా! కింది ముఖానికి ఇంతవరకు ఒక్క కాలూ తగల్లేదు. అన్నీ తిరగేసి బిగిస్తాను. కొత్త మెట్లు అనుకుంటారు.”

చిత్రిక పట్టి, నున్నగా చేసి, అరిగిన వైపు కిందికి పెట్టి బిగించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చీపురు పట్టుకుని పైకి ఎక్కుతోంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే, అరికాలి కింద చెక్కకి అవతలి పక్కనించి టక్కుమని తగిలింది. పాత చెక్క కదా అనుకుంది. రెండో మెట్టు. మళ్లీ. తన కాలు ఎక్కడ పడితే సరిగ్గా అక్కడ, కింది వైపునించి ఇంకో కాలు పడుతోంది. ఆవిడ ఆగింది. అది ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది.

వంగి మెట్ల సందులోంచి చూసింది. కింద బాదం ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి, అంతే. మళ్లీ నెమ్మదిగా దిగి, మెట్ల కిందికి వెళ్లి తల ఎత్తింది. అరిగిన గుంటలన్నీ వరసగా పైనించి తనవైపు చూస్తున్నాయి. ఎవరో తలకిందులుగా నడిచి వెళ్లిన అడుగుల్లా ఉన్నాయి. ఒక గుంటలో వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. ఎండకి అనుకోడానికి అటు ఎండ లేదు.

ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, ఇంటి వైపు చూస్తూ, చాలా రోజుల తర్వాత ఆయనతో మాట్లాడింది.

“మీరేనా? మీ ఇంట్లోకి రావడం లేదుగా అది. మీ మాటా పోవడం లేదు, దాని మాటా పోవడం లేదు. ఇంక ఈ చెట్టునైనా వదిలెయ్యకూడదూ?”

ఇంటివైపునించి ఏ చప్పుడూ రాలేదు. ఉన్నప్పుడు కూడా ఆయన ఇలాంటివాటికి జవాబు చెప్పేవాడు కాదు.

వడ్రంగికి చెబితే కొట్టిపారేశాడు. “చెక్క సర్దుకుంటోందమ్మా. కొత్తగా కాపరానికి వచ్చిన చోట అలాగే చప్పుడు చేస్తుంది” అని సంచీ భుజాన వేసుకుని, ఈల వేస్తూ రేకులు బిగించడానికి పైకి ఎక్కాడు. ఈల సగంలో ఆగిపోయింది. పని ముగించుకుని దిగేటప్పుడు మాత్రం మెట్లమీంచి దిగలేదు. చెట్టు కావలించుకుని, పొట్ట గీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా జారాడు.

“ఏమన్నయ్యా, మెట్లు అరిగిపోతాయనా?”

“అబ్బే, ఇది దగ్గర దారి” అని చొక్కా దులుపుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు.

ఆవిడకి దిగులు పట్టుకుంది. కూతురికి అప్పటికే కబురు పంపేసింది. వచ్చే సెలవుకి వస్తానంది ఆ పిల్ల. ఒప్పుకోవడానికి ఎంత ఆలోచించిందో, ఎన్ని ప్రశ్నలు వేసిందో! ఇంటి సామాను వాడలేదు కదా, వీధి గుమ్మంలోంచి రానక్కర్లేదు కదా, బలవంతపెట్టవు కదా. అన్నిటికీ ఒట్టేసి చెప్పింది తల్లి. ఇప్పుడు ఆ పిల్ల మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే తండ్రి కింది నించి అడ్డం పడితే, ఇంక ఈ జన్మలో బస్టాండు బెంచీయే.

ఆ సెలవు రోజు పొద్దున్నే పాతసామాన్లక్క దగ్గరికి వెళ్లింది. కూతురు సాయంత్రానికి గానీ రాదు.

“అక్కా, నిజం చెప్పు. ఆ మెట్లు ఉన్న ఇంట్లో ఎవరు పోయారు?”

అక్క స్నానాలగది తలుపు మీద కూర్చుని టీ తాగుతోంది. “ఎవరూ పోలేదే చెల్లీ! లక్షణంగా ఉన్నారు. అమ్మమ్మ, కొడుకులు, కోడళ్లు, పిల్లలు. మొన్న కూడా కనపడ్డారు, గుండ్రాళ్లలా ఉన్నారు. లిఫ్టు ఉన్న ఇంటికి మారారు, అంతే.”

“మరి మెట్ల మీద ఎవరు నడుస్తున్నారు?”

ఇంకొకరైతే నవ్వేవారు. అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

“మనుషులు వెళ్లిపోయారు, నడక ఇక్కడే ఉండిపోయింది కాబోలు. మంచాలూ బిందెలూ సర్దుకుంటారు గానీ, అది కూడా సర్దుకోవాలని ఎవరికి తోస్తుంది చెప్పు? ఇక్కడ తలుపులన్నీ అంతే. సాయంత్రం బడి వదిలే వేళకి ఆ మూల పచ్చ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. నేను రోజూ వెళ్లి వేస్తాను. ఎవరూ రారని దానికి ఎలా చెప్పను?” అని, కాస్త ఆగి అడిగింది. “ఆ అడుగులవల్ల నీకేం బాధ? ఎక్కేవాళ్లతో పాటు ఎక్కుతాయి, దిగేవాళ్లతో పాటు దిగుతాయి.”

“ఎదురుగా నడుస్తున్నాయక్కా. కింది నించి.”

“కింది నించి ఎందుకు నడుస్తాయి?” అంది అక్క. అని, ఆవిడ ముఖం చూసి, “ఎలా బిగించారేం?” అంది.

ఆవిడ అప్పటికే బయల్దేరింది. దారిలో వడ్రంగిని అన్నం ముందునించి లేపి, స్పానరు చేతికిచ్చి, వెంటబెట్టుకొచ్చింది.

వచ్చేసరికి గోడ సందు దగ్గర కూతురి బూట్లు విప్పి ఉన్నాయి. డ్యూటీ మారి తొందరగా వచ్చేసింది. తల ఎత్తితే, పైన గుమ్మంలో గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది, మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుని. ఆ పిల్ల ఘాటు రోడ్ల మీద బ్రేకులు పట్టు తప్పినా కంగారుపడని మనిషి. ఇప్పుడు పెదాలు తెల్లగా ఉన్నాయి.

“అమ్మా, నాన్న ఇక్కడికి కూడా వచ్చాడు.”

“కాదే...”

“మెట్టు మెట్టుకీ వచ్చాడు. నేను పైకి వస్తుంటే వద్దు వద్దు అని కాలితో కొట్టినట్టే ఉంది. నాకు ఇల్లంతా వద్దన్నావుగా, ఈ చెట్టు కూడానా అని అడిగాను. వింటాడా?” సంచీ దగ్గరికి లాక్కుంది. “సాయంత్రం బస్సు ఉంది. దిగి వెళ్లిపోతాను. ఏమీ అనుకోకమ్మా.”

“దిగకు! ఆ మెట్ల మీద కాలు పెట్టకు!” అని అరిచింది తల్లి. అరిచి, వడ్రంగి వైపు తిరిగింది. “విప్పు అన్నయ్యా. ఒక్కొక్కటీ విప్పు.”

వడ్రంగి కింది మెట్టు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పైనించి కూతురు తొంగి చూసింది.

“మామయ్యా, ఏం చేస్తున్నారు? నన్ను పైన పెట్టి మెట్లు పీకేస్తారా? దీన్ని ఏమంటారో తెలుసా?”

“మీ అమ్మ చెప్పిందమ్మా కోడలా. నేను కూలివాణ్ణి.”

“అమ్మా!”

“అరవకు. వీధిలోవాళ్లు వస్తారు. పని తప్పు చేశాం, సరిచేసుకుంటున్నాం” అంది తల్లి, నిచ్చెన ఆనించి ఎక్కుతూ. విప్పిన చెక్కని ఆవిడ పట్టుకోవడం, తిరగెయ్యడం, వడ్రంగి మళ్లీ బిగించడం. అరిగిన గుంట పైకి వచ్చింది. చేతిలో చెక్క బరువుగా, ఏదో నిద్రలో ఉన్న పసిపిల్లలా అనిపించింది. పని చేస్తూనే, తల ఎత్తకుండా కూతురికి మొత్తం చెప్పింది. మెట్లు ఎక్కడివో, ఆ ఇంట్లోవాళ్లు అందరూ బతికే ఉన్నారని, వాళ్ల నడక మెట్లతో పాటు వచ్చేసిందని, దాన్ని తామే తలకిందులు చేసి వేలాడదీశామని.

గాలికి గది కిర్రుమంటూ ఒకపక్కకి జరిగి మళ్లీ వచ్చింది.

“అయితే నాన్న కాదా?” అంది కూతురు చివరికి.

“కాదు. ఆయన నడక నాకు తెలియదూ! ఎన్నేళ్లు విన్నానో. ఆయనది కాదు.”

“గట్టిగా తెలుసా?”

“గట్టిగా తెలుసు.”

తల్లి ఆ మాట ధైర్యం చెప్పడానికి అంది. తల ఎత్తి చూస్తే, కూతురి ముఖంలో ధైర్యం కనపడలేదు. బస్సు వెళ్లిపోయాక స్టాండులోకి పరుగెత్తుకొచ్చిన మనిషి ముఖంలా ఉంది.

“భయం వేసిందమ్మా. చెమటలు పట్టేశాయి. కానీ...” సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ అంది, “ఒక పక్కన అనిపించింది. పోనీలే, తిట్టడానికైనా వచ్చాడు, నేను వచ్చానని తెలిసిందిగా అని. ఇప్పుడు నువ్వు కాదంటున్నావు.”

వడ్రంగి స్పానరు తిప్పడం ఆపేసి, చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

తల్లి నిచ్చెన మీదే ఆగిపోయింది. తను కూడా చీపురు చంకలో పెట్టుకుని అలా మాట్లాడింది ఎందుకో అప్పుడు తెలిసింది. వెళ్లిపొమ్మని కాదు. ఒక మాట అంటాడేమోనని. ఆ ఇంట్లో ఇన్నాళ్లుగా ఒక్క తలుపు చప్పుడైనా, ఒక్క దగ్గయినా లేదు. ఆయన నిజంగానే ఎక్కడా లేడు.

“రాడే” అంది. “ఆయన రాడు. మాట వెనక్కిచ్చేవాళ్లు ఎవరూ లేరు. అది నీ దగ్గరే ఉంటుంది. ఉండనీ. దాంతోనే వచ్చి పడుకో.”

కూతురు ముఖం మోకాళ్లలో పెట్టుకుంది. తల్లి కింది నించి ఒక్కొక్క మెట్టే తిప్పుకుంటూ పైకి వచ్చింది. పై మెట్టు బిగించేవేళకి కూతురే చెయ్యి చాచి చెక్క ఒక చివర పట్టుకుంది.

“మామయ్యా, బోల్టు వంకరగా పెడుతున్నారు.”

“నువ్వు బస్సు చూసుకో తల్లీ, బోల్టు సంగతి నేను చూసుకుంటాను.”

“వంకరగానే ఉంది.”

“అవును, వంకరగానే ఉంది” అని ఒప్పుకుని తిన్నగా పెట్టాడు.

పని అయిపోయాక ముగ్గురూ ఎవరిచోట వాళ్లు ఉండిపోయారు. చివరికి కూతురే లేచి, ఉత్త కాళ్లతో, చెరువులోకి దిగుతున్నట్టు ఒక్కొక్క మెట్టే దిగింది. ఏ చప్పుడూ లేదు. కింది మెట్టు దగ్గర ఆగి, మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. చప్పుడు వినపడాలని వింటోందో, వినపడకూడదని వింటోందో తల్లికి తెలియలేదు. సందు చివర రోడ్డు మీద సాయంత్రం బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లింది. కూతురు తల అటు తిప్పింది, అలవాటుగా. కాళ్లు మాత్రం కదపలేదు.

“ఆకలేస్తోంది” అంది.

వడ్రంగి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. చీకటి పడుతుండగా చెట్టు కింద స్టూలు మీద కూర్చుని కూతురు తింది. రెండోసారి పెట్టించుకుంది. తల్లి ఎదురుగా కూర్చుని చూసింది. చెయ్యి కడుక్కుని, నోరు పెద్దగా తెరిచి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఆవలించి, కూతురు పైకి వెళ్లింది. వెళ్లి గుమ్మంలోంచి తల బయట పెట్టింది.

“నువ్వు అక్కడ ఒక్కదానివే ఏం చేస్తావు? దిండు తెచ్చుకుని నువ్వు కూడా రా.”

ఆవిడ లోపలికి వెళ్లి దిండు తెచ్చుకుంది. ఇంటికి తాళం వేసింది. రాత్రిపూట ఆ ఇంటికి బయటనించి తాళం వెయ్యడం అదే మొదటిసారి.

మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కాలు తిన్నగా వెళ్లి గుంటలో కూర్చుంది. రెండో మెట్టుకి ఆవిడ కాలు ఎత్తకముందే అది లేచినట్టనిపించింది. మోకాళ్ల నొప్పి లేదు. ఎవరో సాయంత్రం ఇంటికి వస్తున్నారు. పైన వాళ్ల కోసం దీపం ఉంది, పిల్లల గోల ఉంది, ఆ సంగతి కాళ్లకి తెలుసు. ఇన్నేళ్లూ తన ఇంటి మెట్లు తను ఇలా ఎక్కలేదు. ఆ సంతోషం తనది కాదని తెలిసినా, దాని బరువు తన మీద పడుతుంటే ఆవిడ ఊరుకుంది. తన వెనకాల కూడా అడుగులు వస్తున్నాయి. చప్పుడు లేదు, చెక్క కొద్దిగా వంగడం మాత్రం తెలుస్తోంది.

పైన కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి రాగానే దారి ఇవ్వడానికి గోడవైపుకి జరిగింది. ఆవిడ లోపలికి వెళ్లి, దిండు వేసుకుని, వెనక్కి తిరిగి చూసింది.

కూతురు ఇంకా పక్కకి జరిగే ఉంది. మెట్ల వైపు చూస్తూ, ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళుతుంటే నిలబడినట్టు, వీపు గోడకి ఆనించుకుని అలాగే నిలబడింది. చివరి మనిషి కూడా వచ్చేదాకా కాబోలు ఇంకాసేపు చూసి, తల్లి పక్కన వచ్చి పడుకుంది. తలుపు ఇద్దరిలో ఎవరూ వెయ్యలేదు.